పలకల సీమయు చూపులేనివారి గణితమును

గుంటూరు నుండి గుంతకల్లుకు పోవు రైలుమార్గమున వినుకొండ, కురిచేడు దాటిన పిమ్మట, పచ్చని పొలములు క్రమక్రమముగా పలుచనై, రాతిగుట్టలును తుమ్మచెట్లును మెట్టచేలును కానవచ్చు సీమకు దొనకొండ ముఖద్వారము. ఆవిరియంజనుల కాలమున రైల్వే ఉద్యోగుల నివాసములతో కళకళలాడిన యూరిది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆంగ్లేయులు ఇచ్చట నిర్మించిన విమానాశ్రయము పేరు నేటికిని జనుల నోట వినవచ్చుచున్నది. అటనుండి గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభము, గిద్దలూరు మీదుగా ఆ మార్గము నల్లమల కనుమలలో ప్రవేశించును. ఈ ప్రాంతపు చరిత్ర వ్రాయబూనువారు మార్కాపురపు చెన్నకేశవస్వామి ఆలయమును, విజయనగర రాజుల కాలమున త్రవ్వించిన కంభము చెరువును, 1970లో కర్నూలు జిల్లా నుండి మార్కాపురము, గిద్దలూరు విడివడి, పిదప ప్రకాశమని పేరు పొందిన నూతన జిల్లాలో చేరుటను ముందుగా పేర్కొనుట ఆచారము. నేను అట్లుగాక, ఈ సీమ దేశమునకు ఇచ్చిన ఒక చిన్న వస్తువును, దానితోడి గణితవిద్యను, ఆ విద్యకు చిరకాలము వెలియై యుండిన చూపులేనివారిని గూర్చి వ్రాయదలచితిని. ఆ వస్తువు పలక.

కంభము, మార్కాపురము పరిసరములందలి శిలలను భూగర్భశాస్త్రజ్ఞులు కడప శిలాసముదాయమున నల్లమల వర్గములోనివిగా లెక్కింతురు. వానిలో ఒక శ్రేణికి కంభము పేరే స్థిరపడినది. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో ప్రకటించిన కడప, కర్నూలు శిలల వివరణగ్రంథము ఈ సీమ రాళ్లను గూర్చిన శాస్త్రచర్చకు మూలాధారము. అనంతకాలము క్రిందట నీటి యడుగున పేరుకొనిన సన్నని బంకమన్ను, పైబరువు చేతను భూమి లోపలి ఒత్తిడి చేతను గట్టిపడి, పొరలు పొరలుగా చీలు స్వభావము గల రాయిగా మారినది. ఆ స్వభావమే ఈ వృత్తికి ప్రాణము. గని నుండి తీసిన బండను పనివాడు నిలువుగా నిలిపి, అంచున పలుచని ఉలిని ఆనించి, సుత్తితో మెల్లగా తట్టును. దెబ్బ సరియైన పొర మీద పడినచో బండ తనంతట తాను రెండు రేకులుగా విడిపోవును, దెబ్బ తప్పినచో ముక్కలై వ్యర్థమగును. పొరను కనుగొనుటలో కన్ను ఎంతయో చేతివ్రేలును అంతయే పని చేయును. అట్లు విడిన రేకును కొలతకు కోసి, ముఖములను నున్నగా అరగదీసి, నలువైపుల కొయ్యచట్రము బిగించినచో పిల్లవాని చంకలోని పలక సిద్ధమగును. అది కట్టలు కట్టలుగా రైలెక్కి దేశము నలుమూలలకును పోయెను. తెలుగునాట మాత్రమే గాక ఇతర రాష్ట్రములందును, వానకాలపు బడిలో చేరిన బిడ్డ మొదట తాకిన నల్లని రాయి మార్కాపురపుదే యగుట పరిపాటిగ నుండెను.

ఈ కీర్తికి చెల్లించిన మూల్యమును దాచుట చరిత్రకారునకు తగదు. గనులందును, పలకల పనిశాలలందును చిన్నపిల్లలు పనిచేయుచుండిరి. కేంద్రప్రభుత్వము 1988లో బాలకార్మికుల విముక్తికై జాతీయ ప్రణాళికను ఆరంభించినప్పుడు, శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ, ఫిరోజాబాదు గాజుపరిశ్రమ మొదలగువానితో పాటు మార్కాపురపు పలకల పరిశ్రమయు ఆ తొలి జాబితాలో చేరెను. తక్కిన బిడ్డలు ఒకట్లు దిద్దుకొను పలకను తయారుచేయు బిడ్డకు ఒకట్లు రాని దినములు ఈ సీమలో నడచినవి. కాలక్రమమున కాగితపు పుస్తకములును, ప్లాస్టిక్ పలకలును వచ్చి రాతిపలక గిరాకి తగ్గిపోగా, అదే రాయి నేలకును గోడకును పరచు బిళ్లలుగా విదేశములకు ఎగుమతి యగుట హెచ్చినది.

పలక గణితమునకు చేసిన మేలేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు పలకకు ముందున్న మన వీధిబడిని కొంత స్మరింపవలెను. అందు బాలుడు గుంట ఓనమాలను ఇసుకలో వ్రేలితో దిద్దెను. తాటియాకు మీద గంటముతో వ్రాయునాటికి అతనికి వ్రాత చేతితో తడిమి తెలిసికొనదగిన గీత. లెక్కలు మాత్రము ప్రధానముగా శ్రవణవిద్య. పెద్ద విద్యార్థి ముందు పలుకగా తక్కినవారు ఏకకంఠముతో వెంట పలికెడి ఎక్కములలో, పూర్ణసంఖ్యలవే గాక వీసము, పరక, పాతిక, అర, ముప్పాతిక మొదలగు భిన్నములవియు నుండెను. అంగడిలో కూర్చుండిన వర్తకుడు కాగితము ముట్టకయే పుట్టి ధాన్యమునకు వెల కట్టుటకు ఈ కంఠస్థవిద్యయే ఆధారము. శాస్త్రగ్రంథములును అంతే. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసినప్పుడు పద్యములనే ఆశ్రయించెను. ఆ గ్రంథములలో సమస్య మాటలలో నుండును, సూత్రము మాటలలో నుండును, సమాధానమును మాటలలోనే. విన్నవానికి అంతయు దొరకును. అట్టి విద్య నేర్చుటకు కన్నులు ఆవశ్యకములు కావు. చక్కని ధారణ గలిగి చూపులేని బాలుడు చూపుగల తోటివానికి ఎందులోను తీసిపోవలసిన పని లేదు.

అయితే శ్రవణవిద్యకు పరిమితి యున్నది. సంఖ్యలు పెరిగిన కొలదియు, తెలియని రాశులు రెండు మూడు చేరిన కొలదియు, మాటలలో చెప్పిన గణితము జ్ఞాపకమునకు మోయరాని భారమగును. ఐరోపా ఖండమున పదునారు, పదునేడవ శతాబ్దములలో రూపొందిన చిహ్నభాష ఈ భారమును దించినది. భిన్నమునకు అడ్డగీత గీచి లవమును పైన, హారమును క్రింద నుంచుట, ఘాతాంకమును పైకెత్తి చిన్నదిగా వ్రాయుట, మూలచిహ్నపు కప్పు క్రింద ఎన్ని పదములున్నవో ఆ కప్పు పొడవే చెప్పుట, ఇవన్నియు స్థలమును అర్థమునకు వాహనముగా చేసిన యుక్తులు. ఈ గణితము ఒక వరుసలో పోవునది కాదు. అది పైకి, క్రిందికి, ప్రక్కలకు వ్యాపించును. దీనికి పలక అత్యంతానుకూలమైన సాధనము. పాశ్చాత్య పద్ధతి పాఠశాలలతో పాటు ఈ చిహ్నభాషయు, దానిని వ్రాసి తుడిచి మరల వ్రాయుటకు రాతిపలకయు మన గ్రామములకు వచ్చెను. చూపుగల బిడ్డకు అది మహోపకారము. చూపులేని బిడ్డకు మాత్రము, చెవి నుండి కంటికి మారిన ఆ గణితము చేయి దాటిపోయెను. మశూచి సోకి కన్నులు పోయిన బిడ్డలు లేని యూరు అరుదుగా నుండిన కాలమది. మన దేశమున ఆ వ్యాధి కడపటి ఘటన 1975లో గాని సంభవింపలేదు.

ఆ మశూచియే ఈ చరిత్రలో మొదటి గొప్ప పేరును మనకు పరిచయము చేయుచున్నది. ఇంగ్లండున 1682లో జన్మించిన నికొలస్ సాండర్సన్ ఏడాది బిడ్డగ నున్నప్పుడే మశూచి వలన చూపు కోల్పోయెను. అయినను 1711లో, న్యూటను అధిష్ఠించిన కేంబ్రిడ్జి గణితపీఠమును అలంకరించెను. అతడు తన గణనలకు ఒక కొయ్యపలకను స్వయముగా కల్పించుకొనెను. దాని మీద చిన్న చిన్న చదరములు, ఒక్కొక్క చదరమున తొమ్మిది రంధ్రములు. పెద్దతల సూది నడిమి రంధ్రమున నున్నచో సున్న. చిన్నతల సూది నడుమ నున్నచో ఒకటి. పెద్దసూది నడుమ నుండగా చిన్నసూది చుట్టునున్న ఎనిమిది దిక్కులలో దేని యందున్నదో దానిని బట్టి రెండు మొదలు తొమ్మిది వరకు అంకెలు. అతని వ్రేళ్లు ఆ సూదులపై నడచిన వేగమును చూచి సమకాలికులు విస్మయపడిరి. అతడు 1739లో మరణించిన మరుసటి యేట వెలువడిన అతని బీజగణిత గ్రంథమున ఈ పద్ధతియు వర్ణింపబడినది.

అష్టదిక్కులతో అంకెను సూచించు ఈ భావమే పిదప టేలర్ ఫ్రేముగ పరిణమించినది. మన దేశపు అంధపాఠశాలలలో చదివిన పెద్దలనడిగినచో దానిని తలచుకొనని వారుండరు. లోహఫలకమున వరుసలు వరుసలుగా అష్టకోణపు గుంటలు. వానిలో నిలుపుటకు నలుపలకలైన సన్నని సీసపు దిమ్మెలు. దిమ్మె ఒక కొనయందు అంచున చిన్న గట్టు, రెండవ కొనయందు రెండు మొనలు. గట్టు ఏ దిక్కునకు తిరిగియున్నదో వ్రేలితో తడిమినచో ఒకటి మొదలు ఎనిమిది వరకు అంకెలు తెలియును. తలక్రిందులు చేసి మొనలను పైకి త్రిప్పినచో తొమ్మిది, సున్న, కూడిక, తీసివేత మొదలగు గుర్తులగును. ఒక కూడిక చేయవలెనన్న పెట్టెలోని దిమ్మెలనొక్కొక్కటిగా ఏరి, దిక్కు సరిచూచి, గుంటలో దించి, పూర్తియైన పిమ్మట అన్నిటిని మరల ఊడదీసి పెట్టెలో పోయవలెను. ఫలకము ఒరిగి దిమ్మెలు నేలరాలినచో లెక్క మొదటికి వచ్చును. సహవిద్యార్థి పలక మీద బలపముతో పది లెక్కలు చేయు వ్యవధిలో ఈతనికి రెండో మూడో తెమలును. అయినను నిలువువరుసలలో స్థానములను సరిపెట్టి కూడుట, హెచ్చవేయుట ఈ సాధనము వలననే తరతరముల వారికి పట్టుబడినది. దానిని తక్కువగా చూచుట న్యాయము కాదు.

లూయీ బ్రెయిలీ 1829లో ప్రకటించిన ఆరుచుక్కల లిపి అక్షరవిద్యకు ద్వారము తెరచినది. మన భాషలన్నింటికి ఒకే చుక్కల క్రమమును నిర్ణయించి 1951లో భారతీ బ్రెయిలీని అంగీకరించుటతో తెలుగు వర్ణమాలయు వ్రేళ్ల క్రిందికి వచ్చినది. గణితము మాత్రము అంత సులభముగా లొంగలేదు. ఆరుచుక్కలతో కల్పింపదగిన రూపములు అరువదినాలుగు; చూపుగలవాని గణితపుస్తకమున చిహ్నములు వందలకొలది. పైగా బ్రెయిలీ ఒకే వరుసలో నడచు లిపి. అందు పైన, క్రింద అనునవి లేవు. ఈ చిక్కును విప్పినవాడు న్యూయార్కు నగరమున 1918లో పుట్టుగ్రుడ్డిగ జన్మించిన ఏబ్రహాం నెమెత్. గణితమునందు అతనికి గల అభిరుచిని మొగ్గలోనే త్రుంచివైచి, చూపులేనివానికి అది తగదని హితవు చెప్పి మనస్తత్వశాస్త్రమునకు మరల్చిన సలహాదారులుండిరి. భార్య ప్రోత్సాహముతో అతడు మరల గణితమునకు వచ్చి, అధ్యాపకుడై, తన అవసరము కొరకు కల్పించుకొనిన సంకేతావళి 1952లో ప్రకటితమై, 1972లో ఇప్పటి రూపమును పొందినది.

నెమెత్ ఆలోచనను ఒక్క భిన్నముతో వివరింపవచ్చును. చూపుగలవాడు అడ్డగీతను చూచి ఎచ్చట భిన్నము మొదలై ఎచ్చట ముగిసినదో ఒక్క క్షణమున గ్రహించును. వ్రేలికి ఆ సౌకర్యము లేదు. కావున నెమెత్ భిన్నమునకు ముందు ‘ఇచ్చట భిన్నము ఆరంభము’ అను గుర్తును, నడుమ గీతకు గుర్తును, చివర ‘ఇచ్చట భిన్నము సమాప్తము’ అను గుర్తును పెట్టెను. వర్గమూలమునకును అట్లే ఆద్యంతములకు గుర్తులు. ఘాతమునకు ముందు ‘పైకి ఎక్కుచున్నాము’ అను గుర్తు, పిదప ‘మరల మట్టమునకు దిగితిమి’ అను గుర్తు. భిన్నములో భిన్నమున్నచో లోపలిదానిని బయటిదానిని వేరుపరచు గుర్తులు. చూపుగలవాని కాగితమున స్థలము చెప్పుచున్న దానిని నెమెత్ వరుసలోని గుర్తులచేత చెప్పించెను. నా అభిప్రాయమున ఈ చరిత్ర యంతటికి నడిమి స్తంభము ఈ యోచనయే. దీని తరువాత వచ్చిన యంత్రములన్నియు ఏదో యొక రూపమున దీనినే అనుసరించినవి. తనకు పుస్తకము చదివి వినిపించు సహాయకులును ఈ విధముగనే ఆద్యంతములు చెప్పుచు చదువవలెనని అతడు వాచికపద్ధతిని గూడ కల్పించెను. ‘ఒకటి బై ఎక్స్ ప్లస్ ఒకటి’ అని ఎవరైన చదివినచో, ఎక్స్ చేత ఒకటిని భాగించి ఒకటి కలుపవలెనో, ఎక్స్‌కు ఒకటి కలిపి దానిచేత భాగించవలెనో వినువానికి తెలియదు. ఎక్స్ విలువ రెండైనచో మొదటి అర్థమున ఫలితము ఒకటిన్నర, రెండవ అర్థమున మూడింట నొకవంతు. నల్లబల్ల మీద వ్రాయుచు చదువు ఉపాధ్యాయునకు ఈ ద్వైధము తోచనే తోచదు, ఏలయన వ్రాత సందేహమును తీర్చుచుండును. తరగతిలో కూర్చుండిన చూపులేని విద్యార్థికి సందేహమొక్కటియే మిగులును.

వాచికగణితమును యంత్రమునకు అప్పగించిన ఘనత ఒక భారతీయునిది. టి.వి. రామన్ పూనాలో పెరిగి, పదునాలుగవ యేట నీటికాసుల వ్యాధిచే చూపు కోల్పోయి, పూనా విశ్వవిద్యాలయమునను బొంబాయి ఐ.ఐ.టి. యందును గణితము చదివి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున 1994లో డాక్టరేటు పొందెను. అతని సిద్ధాంతవ్యాసమే ఆస్టర్ అను శ్రవణగ్రంథ పఠనయంత్రము. డోనాల్డ్ నూత్ కల్పించిన టెక్ అను ముద్రణభాషలో శాస్త్రజ్ఞులు తమ వ్యాసములను వ్రాయుట అప్పటికే అలవాటైనది. అందు భిన్నము భిన్నముగను, మూలము మూలముగను పేరుతో నిర్దేశింపబడి యుండును గావున, దాని నిర్మాణమును యంత్రము గ్రహింపగలదని రామన్ కనుగొనెను. ఆస్టర్ కేవలము పదములను చదివి ఊరకుండదు. ఘాతాంకము వచ్చినప్పుడు స్వరస్థాయిని పెంచును. పాదాంకము వచ్చినప్పుడు తగ్గించును. దీర్ఘమైన సమీకరణములో ఒక భాగమునకు పేరు పెట్టి దాటించి, మొదట ఆకృతిని వినిపించి, కోరినప్పుడు లోపలి వివరమును వినిపించును. సంగీతము వినిన చెవికి స్థాయీభేదము ఎంత స్పష్టమో తెలియనివారుండరు. ఘాతమునకు స్థాయిని కేటాయించిన ఈ యూహలోని సౌందర్యమును తలచినప్పుడెల్ల నాకు అతనియందు గౌరవము ద్విగుణమగుచున్నది.

అంతర్జాల పుటల చరిత్ర దీనికి భిన్నమైన దారి పట్టుట విచారకరము. వెబ్బు పుట్టినది జెనీవా దగ్గరి సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమున. అయినను సమీకరణము వ్రాయుటకు తగిన గుర్తులు దాని పుటలభాషలో లేకుండెను. 1995 నాటి ఒక ముసాయిదాలో గణితమునకు చోటు కల్పించిరి గాని, ఆ తరువాతి ప్రమాణమున దానిని తొలగించిరి. ఆ లోటు వలన గ్రంథకర్తలు సులభమార్గమును త్రొక్కిరి. సమీకరణమును బొమ్మగా తీసి పుటలో అతికించుట అలవాటైనది. చూపుగలవానికి బొమ్మయు వ్రాతయు ఒక్కటియే. స్క్రీన్ రీడరు అను మృదుసాధనము తెరమీది అక్షరములను కంఠస్వరముగ మార్చి వినిపించునదే గాని, బొమ్మలోని గీతలను చదువునది కాదు. కావున అది వాక్యమును చదువుచు చదువుచు సమీకరణము దగ్గర ‘బొమ్మ’ అని పలికి ముందునకు సాగిపోవును. పాఠములోని సారమంతయు ఆ బొమ్మలోనే యున్నను విద్యార్థికి దక్కినది ఆ యొక్క మాట. కొందరు దయతలచి బొమ్మ వెనుక టెక్ భాషలోని మూలపాఠమును ఉంచిరి. విలోమరేఖలు, పుష్పకుండలీకరణములు వరుసగా చెవిన పడునప్పుడు ఆ భాష ముందే వచ్చినవాడు మాత్రము కొంత తెలిసికొనగలిగెను.

వెబ్బు ప్రమాణములను నిర్ణయించు సంఘము 1998 ఏప్రిలులో మాథ్‌ఎమ్ఎల్ అను గణితభాషను ఆమోదించెను. అందు భిన్నమునకు ఒక గుర్తు, దానిలోపల రెండే అంగములు: మొదటిది లవము, రెండవది హారము. మూలమునకు, ఘాతమునకు, పట్టికకు ఇట్లే. తెరమీద అందముగ కనబడు రూపమును, లోపల దాగిన నిర్మాణమును ఒకే వ్రాతలో ఇమిడియుండును. స్క్రీన్ రీడరు ఆ నిర్మాణమును పట్టుకొని ‘భిన్నారంభము’ అని చెప్పి లవమును చదివి, గీత దాటి, హారమును చదివి, ‘భిన్నాంతము’ అని ముగింపగలదు. విద్యార్థి బాణపు మీటలతో లవములోనికి దిగి, తిరిగి పైకెక్కి, హారమును మాత్రమే మరల వినగలడు. అదే వ్రాత నుండి నెమెత్ సంకేతములు పుట్టి, కంప్యూటరునకు తగిలించిన బ్రెయిలీ పట్టీపై చుక్కలుగ లేచును. పలకమీద లెక్క చేయువాని కన్ను ముందునకు వెనుకకు పరుగెత్తు స్వేచ్ఛయే ఇచ్చట వ్రేలికిని చెవికిని లభించినది. వినువాడు తన వేగమున, తనకు వలసిన చోట ఆగుటలో గల విలువ, ఒకసారి చదివి వినిపించి వెడలిపోవు సహాయకుని కొరకు ఎదురుచూచిన వారికి బాగుగ తెలియును.

ప్రమాణము పుట్టినను ప్రచారము ఆలస్యమైనది. ఫైర్‌ఫాక్సు బ్రౌజరు ఆదినుండియు ఈ భాషను గౌరవించినది గాని, లోకమున అత్యధికులు వాడు క్రోమ్ 2013లో దానిని కొలది కాలముంచి తొలగించి, 2023 జనవరిలో వెలువడిన 109వ సంచికలో గాని మరల చేర్చలేదు. ఈ దశాబ్దపు వ్యవధిలో 2009లో ఆరంభమైన మాథ్‌జాక్స్ అను సాధనము సేతువువలె పనిచేసి, తెరపై అందమైన సమీకరణమును చూపుచు, దాని వెనుక స్క్రీన్ రీడరునకు వలసిన నిర్మాణమును అందించెను. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్ 2006లో మొదలిడి, తనవలెనే చూపులేని జేమ్స్ టే తోడ్పాటుతో పెంపొందించిన ఎన్‌విడిఎ అను స్క్రీన్ రీడరు మూల్యము లేనిది గనుక, కొనుగోలు చేయలేని దేశములందు మిక్కిలి వ్యాపించి, 2015 నుండి సమీకరణములను చదువుట నేర్చినది. నీల్ సోయ్‌ఫర్ అను గణితసాధనకారుడు దానికి తోడుగా మాథ్‌క్యాట్ అను పఠనసాధనమును నిర్మించి, వాచికనియమములను ఆయా భాషలవారు తమకు తగినట్లు వ్రాసికొనుటకు వీలుగ విడదీసి యుంచెను.

తెలుగునేల మీద ఈ సమస్య యంత్రమునకు ముందు న్యాయస్థానమునకు చేరినది. మచిలీపట్నము ప్రాంతపు సీతారామపురమున నిరుపేద రైతుకుటుంబములో చూపులేక జన్మించిన శ్రీకాంత్ బొల్లా, హైదరాబాదులో నేత్రవైద్యులు సాయిబాబా గౌడ్ స్థాపించిన దేవ్‌నార్ అంధపాఠశాలలో చదివి, పదవ తరగతిలో ఉత్తమశ్రేణిని పొందెను. ఇంటరులో గణితము, భౌతికశాస్త్రము చదువగోరగా, రాష్ట్రనియమములు అంధవిద్యార్థులకు ఆ శాఖను నిషేధించి కళాశాస్త్రములనే అనుమతించుచున్నవని తిరస్కరించిరి. పటములును, ఆకృతులును, సమీకరణములును చూపు లేనిదే బోధపడవని దానికి చెప్పిన కారణము. అతడును అతని ఉపాధ్యాయురాలును న్యాయస్థానమున పోరాడిరి. సుమారు ఆరుమాసములకు తీర్పు వెలువడి, రాష్ట్రపు పాఠశాలలలో చూపులేని విద్యార్థులకు ఆ శాఖ తెరువబడెను. పాఠ్యపుస్తకములను శ్రవ్యరూపమున సిద్ధము చేసికొని చదివి, 98 శాతము మార్కులతో ఉత్తీర్ణుడై, ప్రవేశపరీక్షల శిక్షణాలయములు తనను చేర్చుకొననందున అమెరికాకు పోయి, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరిన మొదటి విదేశీ అంధవిద్యార్థి యయ్యెను. నిషేధించినవారు దురుద్దేశముతో చేసిరని నేననను. సమీకరణము కంటికి మాత్రమే దొరకునని వారు మనఃపూర్వకముగ విశ్వసించిరి. నెమెత్‌ను మరల్చిన సలహాదారుల విశ్వాసమును అదియే. అర్ధశతాబ్దమునకు మించిన ఎడమున, రెండు ఖండములలో, అంధవిద్యార్థి ముందు మూయబడిన తలుపు ఒక్కటియే యగుట గమనింపదగినది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విద్యయందును, సమాచారసాధనములందును సమానసౌలభ్యమును బాధ్యతగ విధించినది. అంధులకు పుస్తకములను అందుబాటు రూపమున తయారుచేయుటకు గ్రంథస్వామ్యపు అడ్డు తొలగించు మరకేష్ ఒడంబడికను 2014లో ప్రపంచమున మొట్టమొదట ధ్రువీకరించిన దేశము మనదే. ఇన్ని సాధనములు సమకూడినను, తెలుగు మాధ్యమపు అంధవిద్యార్థికి రెండు అడ్డంకులు ప్రత్యేకముగ మిగిలియున్నవి. మొదటిది అక్షరముల విషయము. తెలుగు లిపికి యూనికోడు స్థానము 1991లోనే కలిగినను, మన ముద్రణాలయములు చిరకాలము ‘అను’ వంటి పాతపద్ధతి ఫాంటులతోనే పుస్తకములను కూర్చినవి. ఆ ఫైలు తెరమీద శుద్ధమైన తెలుగుగ కనబడును గాని, లోపల నున్నది రోమను అక్షరముల గందరగోళము. స్క్రీన్ రీడరు చదువబోయినచో అర్థములేని శబ్దములే వినవచ్చును. వాక్యమే అందనప్పుడు అందులోని సమీకరణము గూర్చి చెప్పనేల? నేడు ఉపాధ్యాయులు వాట్సాప్‌లో పంపు పాఠములలో అధికభాగము నల్లబల్లను తీసిన ఛాయాచిత్రములే. దొనకొండ విద్యార్థికైనను గిద్దలూరు విద్యార్థికైనను చూపు లేనిచో అవి చేరనట్లే లెక్క. అదే పాఠమును వర్డులోని సమీకరణ సాధనముతో, యూనికోడు తెలుగున వ్రాసి పంపినచో స్క్రీన్ రీడరునకు చదువ వీలగును. దానికి పట్టు అదనపు సమయము ఒకటి రెండు దినముల అభ్యాసముతో తగ్గిపోవును.

రెండవ అడ్డంకి వాచికమునకు సంబంధించినది. పదవ తరగతి వర్గసమీకరణ సూత్రమును మన తరగతిగదిలో ఎట్లు చదువుదురో చూడుడు: ‘మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ బి స్క్వేర్ మైనస్ నాలుగు ఏ సి బై రెండు ఏ’. ఇందు మూలచిహ్నపు కప్పు ఎచ్చట ముగిసినది? రెండు ఏ అనునది మూలమును మాత్రమే భాగించుచున్నదా, మైనస్ బి మొదలుకొని అంతటిని భాగించుచున్నదా? వినువానికి ఆధారము లేదు. ఆంగ్లమున దీనికి ఆద్యంతములు చెప్పు నియమములు అనేక సంవత్సరముల వాడుకలో రాటుతేలినవి. తెలుగున అట్టి నియమములను కూర్చునప్పుడు తేల్చవలసిన సంగతులు కొన్ని కలవు. జనవ్యవహారమున మనము ‘మూడింట రెండు వంతులు’ అని హారమును ముందు చెప్పుదుము. బడిలో ‘రెండు బై మూడు’ అని లవమును ముందు చెప్పుదుము. చిన్న భిన్నములకు మొదటి రీతియు, బీజగణిత భిన్నములకు రెండవ రీతియు వాడినచో విద్యార్థి తడబడునా, అన్నిటికి ఒకే రీతి మేలా? ‘లవము మొదలు, హారము, భిన్నము ముగిసినది’ అని శుద్ధమైన తెలుగున పలుకవలెనా, లేక తరగతిలో చెవికి అలవడిన బై, రూట్, స్క్వేర్ పదములనే నిలిపి ఆద్యంతములకు మాత్రము తెలుగు మాటలు చేర్చవలెనా? నా మటుకు నాకు రెండవదియే ఉచితమని తోచుచున్నది. పరీక్షలో ప్రశ్న చదివెడి యంత్రము తరగతిలో విన్న భాషనే పలుకవలెను గాని, విద్యార్థికి ఆ క్షణమున కొత్త పరిభాషను నేర్పరాదు. ఘాతమునకు రామన్ చేసినట్లు స్థాయిని పెంచినచో తెలుగు యంత్రకంఠములలో అది స్ఫుటముగ వినబడునో లేదో పరీక్షింపవలసి యున్నది. ఇవి కార్యాలయమున కూర్చుండి నిర్ణయించు విషయములు కావు. తెలుగున లెక్కలు చెప్పు ఉపాధ్యాయుడొకడు, తెలుగున లెక్కలు నేర్చిన చూపులేని విద్యార్థి యొకడు ఎదురెదురుగ కూర్చుండి, పదవ తరగతి గణితపుస్తకమును మొదటి అధ్యాయము నుండి ఒక్కొక్క సూత్రముగ పైకి చదివి, విన్నదానిని విన్నట్లు మరల వ్రాయించి, తప్పిన చోటనెల్ల నియమమును సరిదిద్దుచు పోవలెను.